తులసికీ తెల్లమద్దికీ ఒకే మరుగా?

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో చేసుకోదగిన పది రకాల హెర్బల్ టీల గురించి వచ్చిన పేజీని ఆసక్తితో చదివాను. వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక మొక్కల మాట ఎక్కడ కనిపించినా కళ్లజోడు సర్దుకుని చదవడం నాకు అలవాటు. పేజీ చూడముచ్చటగా ఉంది, బొమ్మలు బాగున్నాయి, పెరటి మొక్కలను మళ్లీ వంటింట్లోకి తేవాలన్న ఆలోచనా మంచిదే. అయితే పది మొక్కల పేర్ల కిందా తయారీ విధానంగా దాదాపు ఒకే వాక్యం ఉంది. ఒక చెంచా తీసుకుని, గ్లాసు నీటిలో వేసి, పది నిమిషాలు మరిగించి, వడగట్టి తాగాలట. తులసి ఆకుకూ అదే, తెల్లమద్ది బెరడుకూ అదే, ధనియాలకూ సుగంధిపాల వేరుకూ అదే. ఈ పద్ధతి ఆ పదింటిలో ఏ రెండింటికో తప్ప సరిపోదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మొదట తులసినే తీసుకుందాం. తులసి ఆకు వాసన ఆకు లోపల ఎక్కడో దాగి లేదు. భూతద్దం పెట్టి చూస్తే ఆకు ఉపరితలం మీద సన్నని నూగు మధ్య మెరిసే చుక్కల్లా కనిపించే గ్రంథుల్లోనే నూనె ఉంటుంది, అందుకే మొక్కను ఒరుసుకుంటూ వెళ్లినా చీరకు ఆ వాసన అంటుకుంటుంది. అంత పైపైన ఉన్నదాన్ని నీటిలోకి తేవడానికి పది నిమిషాల మరుగు అక్కరలేదు. పైగా ఆ నూనెలో ఉండే యూజినాల్ వంటి పదార్థాలు నీటి ఆవిరితో కలిసి లేచిపోతాయి. నిమ్మగడ్డి సాగుచేసే రైతులు గడ్డిలోంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లార్చి నూనె తీస్తారు కదా, మూతలేని గిన్నెలో తులసిని తెర్లించడమంటే సరిగ్గా ఆ బట్టీ పనే మనం పొయ్యి మీద చేయడం. తేడా ఏమిటంటే రైతు ఆ ఆవిరిని పట్టుకుంటాడు, మనం వదిలేస్తాం. వంటిల్లంతా ఘుమఘుమలాడుతున్నదంటే ఆ మేరకు గ్లాసులోకి రావలసినది గాలిలో కలిసిందన్న మాట. గిన్నెలో మిగిలేది చేదూ, వగరూ, ముదురు రంగూ మాత్రమే.

మా అత్తగారు ఈ శాస్త్రమేదీ చదవలేదు. ఆమె నీళ్లు తెర్లగానే స్టవ్ ఆపేసి, అప్పుడే కోసిన పది పన్నెండు తులసి ఆకులను రెండుగా తుంచి వేసి, స్టీలు పళ్లెం మూత పెట్టేవారు. ఏడెనిమిది నిమిషాల తరువాత ఆ పళ్లేన్ని ఎత్తి పక్కన పెట్టేవారు కారు. దాని అడుగున పేరుకున్న ఆవిరి బొట్లు గిన్నెలోకే జారేలా ఒక అంచు పైకెత్తి పట్టుకుని, చివరి బొట్టు పడిన తరువాతనే పళ్లెం తీసేవారు. పెళ్లయిన కొత్తలో అది చాదస్తమనిపించింది. తరువాత ఎప్పుడో ఆ బొట్లను వేలితో తాకి వాసన చూసినప్పుడు, గిన్నెలోని నీటికన్నా గాఢమైన తులసి వాసన వాటిలోనే ఉందని తెలిసింది. పుదీనా, నిమ్మగడ్డి, వాము ఆకు వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఎండిన ఆకైతే గ్లాసుకు అంటే 150 మిల్లీలీటర్లకు రెండు గ్రాములు చాలు. పచ్చి ఆకులో చాలావరకు నీరే కాబట్టి దానికి సుమారు మూడు రెట్లు తీసుకోవాలి. మీ పేజీలో పచ్చిదో ఎండుదో చెప్పకుండా ‘ఒక చెంచా’ అని వదిలేశారు. ఎండిన తులసి పొడి చెంచాడుకూ, తుంచిన పచ్చి ఆకు చెంచాడుకూ ఉన్న తేడా, పాలపొడి చెంచాడుకూ పాలు చెంచాడుకూ ఉన్నంత.

ఇక తెల్లమద్ది బెరడు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. బెరడు, చేవదేరిన కాండం, ఎండిన వేరు లిగ్నిన్ అనే కలప పదార్థం పట్టి గట్టిపడిన కణాలతో కట్టిన గోడల వంటివి. మనకు కావలసినవి ఆ గోడల వెనుక ఉంటాయి. ముక్కలుగా ఉన్న బెరడును పది నిమిషాలు మరిగిస్తే నీటికి కొంచెం రంగు వస్తుంది, అంతకుమించి దిగేది స్వల్పం. దాన్ని ముందు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి, కొంతసేపు నీటిలో నాననివ్వాలి, ఆ పైన సన్నని సెగ మీద నీరు బాగా ఇగిరేదాకా కాయాలి. మన పెద్దలు కషాయం అన్నది దీన్నే. పొడి మరీ మెత్తనైతే అడుగంటి మాడుతుంది, వడకట్టడానికీ రాదు. అందుకే వైద్యులు యవకుటం అనే మాట వాడారు, అంటే యవల (బార్లీ) గింజంత నలుసులుగా దంచడమని అర్థం. కాఫీ డికాక్షన్ అలవాటున్న ఇళ్లవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు, పొడి మెత్తనైతే ఫిల్టరు దిగనని మొరాయిస్తుంది.

ఈ తేడాను మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఆయుర్వేదంలో పంచవిధ కషాయ కల్పనలు అన్నవి ఉన్నాయి. పచ్చి ఆకు దంచి పిండిన రసం స్వరసం, నూరిన ముద్ద కల్కం, కాచి ఇగిర్చినది క్వాథం, రాత్రంతా చన్నీటిలో నానబెట్టినది హిమం, వేడినీరు పోసి కాసేపు ఉంచి వడగట్టినది ఫాంటం. నేటి టీ బ్యాగు పద్ధతి ఫాంటమే, కొత్త పేరు తగిలించుకుని అంగట్లోకి వచ్చింది. శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథం వీటికి లెక్కలు కూడా చెప్పింది. క్వాథానికి ఒక పలం ద్రవ్యం, పదహారు పలాల నీరు, మట్టి పాత్రలో సన్నని మంట మీద ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. పలమంటే నేటి లెక్కలో దాదాపు 48 గ్రాములు, కాబట్టి 768 మిల్లీలీటర్ల నీరు 96కు దిగాలన్న మాట. హిమానికి ఒక పలానికి ఆరు పలాల చన్నీరు, ఫాంటానికి నాలుగు పలాల వేడినీరు. తైలాలూ ఘృతాలూ వండే సందర్భంలోనైతే మెత్తని ద్రవ్యానికి నాలుగు రెట్లు, గట్టిదానికి ఎనిమిది రెట్లు, మరీ గట్టిదానికి పదహారు రెట్లు నీరు పోయాలని ద్రవ్యం కాఠిన్యాన్ని బట్టే కొలత మార్చారు. ఇవి రోగికి మందుగా ఇచ్చే పాళ్లు, పొద్దున్నే పేపరు చదువుతూ తాగే పానీయానికి ఇంత చిక్కదనం అవసరం లేదు, మంచిదీ కాదు. నేను ఎత్తిచూపుతున్నది పాళ్లను కాదు, ద్రవ్యాన్ని బట్టి పద్ధతి మారాలన్న పట్టింపును.

కషాయం కాచే పాత్రకు మూత వేయరాదని వైద్య సంప్రదాయంలో ఒక మాట ఉంది. దాన్ని పట్టుకుని కొందరు తులసికీ మూత తీసేయమంటున్నారు. వాసనలేని బెరడును గంటసేపు ఇగిర్చేటప్పుడు మూత తీయడంలో అర్థముంది, నీరు ఇగరాలి కనుక. ఆకు నానబెట్టేటప్పుడు అదే నియమం అక్కరకు రాదు. ఒక పద్ధతికి చెప్పిన నియమాన్ని ఇంకో పద్ధతికి అతికించడం వల్లనే ఇంత గందరగోళం.

‘ఆకులకూ పూలకూ వేడినీరు, బెరడుకూ వేరుకూ మరుగు’ అని ఒక్క వాక్యం పేజీ పైన అచ్చువేస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. అప్పుడు సుగంధిపాల దగ్గర దెబ్బతింటాం. మా రాయలసీమలో వేసవి అంటే నన్నారి షర్బతు, దాన్ని ఇచ్చేది ఈ సుగంధిపాల వేరే. ఎండిన వేరును విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిల్లాను తలపించే తీపి వాసన కొడుతుంది. ఆ వాసనంతా ఆవిరితో ఎగిరిపోయే స్వభావం గల పదార్థానిదే. వేరు కదా అని అరగంట ఇగిర్చితే వాసన ఊరి మీదికి పోతుంది, మిగిలేది మట్టి రుచి గల గోధుమరంగు నీరు. వేరును కడిగి, దంచి, లోపలి పుల్ల తీసేసి, బెరడును తెర్లిన నీటిలో వేసి మూతపెట్టి రాత్రంతా వదిలేసి, తెల్లవారి వడగట్టుకోవడమే మా ఇంటి పద్ధతి. కుండలో వట్టివేరు కట్టను వేసి ఉంచే పద్ధతీ ఇలాంటిదే, వట్టివేరును ఎవరూ ఉడకబెట్టరు. అల్లం కూడా నేల కింద పెరిగేదే అయినా పచ్చిదాన్ని చితక్కొట్టి మూతపెట్టి ఐదారు నిమిషాలు సన్నగా మరిగిస్తే చాలు. శొంఠి అంతకన్నా ఎందుకు ఘాటో కూడా చెప్పుకోవాలి. అల్లం ఎండేటప్పుడూ వేడి తగిలినప్పుడూ అందులోని జింజరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, అది మరింత కారం. అందుకే అల్లం ముక్కకు బదులు అంతే బరువు శొంఠి వేస్తే గొంతు మండిపోతుంది.

కాబట్టి మొక్కలో ఏ భాగమన్నది మొదటి ప్రశ్నే గాని, అదొక్కటే సరిపోదు. నేను పిల్లలకు చెప్పిన పరీక్ష చాలా సులువైనది. ద్రవ్యాన్ని వేళ్ల మధ్య నలపండి, లేదా విరవండి. వెంటనే వాసన వేసిందా, దాన్ని మూత కింద వేడినీటిలోనో చన్నీటిలోనో నానబెట్టండి. వాసన లేదు, కొరికి నమిలితే గాని రుచి తెలియడం లేదు, అంటే దంచి కాయండి. నీటిలో వేయగానే జిగురు పట్టిందా, దానికి చన్నీరే మేలు. సబ్జా గింజలను చూడండి, గ్లాసులో వేసిన పది నిమిషాలకే ఒక్కొక్కటీ కప్పగుడ్డులా తెల్లని పొర కప్పుకుంటుంది. మెంతులు కూడా రాత్రి నానబెట్టినవే మేలు. తులసికీ నన్నారికీ తెల్లమద్దికీ మెంతికీ ఈ పరీక్ష తప్పలేదు. దాల్చినచెక్క బెరడే అయినా వాసనగలది కనుక, దంచి, మూతపెట్టి, పది నిమిషాలకు మించకుండా సన్నని సెగ మీద ఉంచమని కూడా ఇదే చెబుతుంది.

ధనియాలు, జీలకర్ర, సోంపు, వాము మన లెక్కకు గింజలు. వృక్షశాస్త్రం లెక్కకు ఇవి కాయలు, ఆ మాట చెబితే పిల్లలు నవ్వేవారు. వీటి నూనె పైన ఉండదు, గింజ గోడలో నిలువుగా సాగే సన్నని గొట్టాల్లో ఉంటుంది. నలపకుండా వేస్తే నూనె గొట్టంలోనే ఉండిపోతుంది, పొడిచేసి సీసాలో పోసి నెలలు ఉంచితే గాలికి పోతుంది. వాడే ముందు రోకలితో ఒక్క దెబ్బ, గింజ రెండు మూడు ముక్కలైతే చాలు. ధనియాలకు మన ఇళ్లలో ఇంకో దారి ఉంది. వేసవిలో రాత్రి చెంచాడు ధనియాలు చితక్కొట్టి చన్నీటిలో వేసి, ఉదయం వడగట్టి పటికబెల్లం కలుపుకుని తాగడం పాత అలవాటు, అదే పుస్తకాల్లో ధాన్యక హిమం. అవే ధనియాలను వేయించి కాఫీలా కాచుకునేవారూ ఉన్నారు. రెండూ ఒకే డబ్బాలోంచి వచ్చినవంటే తాగినవారు నమ్మరు.

చన్నీటి పద్ధతి గురించి ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. నేల మీద ఆరబెట్టిన వేళ్లకూ ఆకులకూ దుమ్ముతో పాటు సూక్ష్మక్రిములూ అంటుకుని ఉంటాయి, చన్నీరు వాటిని చంపదు. కాచి చల్లార్చిన నీటినే వాడాలి, ద్రవ్యాన్ని ముందు కడగాలి, వడగట్టినది ఆ పూటకు ఆ పూట తాగేయాలి. కర్నూలు ఎండల్లో ఉదయం చేసిన హిమం మధ్యాహ్నానికే పులిసి బుడగలు కట్టడం నేను చూశాను.

పూల విషయంలో మీ పేజీలో పద్ధతి కన్నా బొమ్మే ఎక్కువ తప్పుదోవ పట్టించింది. హైబిస్కస్ టీ అన్న పేరు కింద ఎర్ర మందార పువ్వు బొమ్మ వేశారు. పుల్లగా, దానిమ్మ రంగులో ఉంటుందని మీరు వర్ణించిన పానీయం మన పెరటి మందారతో వచ్చేది కాదు. అది హైబిస్కస్ సబ్డారిఫా అనే మొక్కది, దాన్ని మనం వేరే పేరుతో రోజూ పిలుస్తూనే ఉన్నాం. ఎర్ర గోంగూర అది, తెలంగాణ వారి పుంటికూర. ఈజిప్టులో, సూడాన్‌లో కర్కదే పేరుతో వేడిగానూ చల్లగానూ తాగే పానీయం దీనితోనే చేస్తారు. వాడేది పువ్వు రేకులను కాదు. పువ్వు రాలిపోయిన తరువాత కాయను కప్పుకుని కండపట్టే ఎర్రని రక్షక పత్రాలను వాడతారు. ఆకు కోసం పెంచే మనం చేను పూతకు రాగానే పీకేస్తాం గనుక ఆ ఎర్రకాయలను పట్టించుకోము. వాటిని వలిచి ఆరబెట్టి, రెండు గ్రాములకు గ్లాసు వేడినీరు పోసి ఐదు నిమిషాలు ఉంచితే చాలు, చన్నీటిలో నాలుగైదు గంటలు నానినా రంగు దిగుతుంది. బాగా పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదో గాజుదో వాడాలి. ఇందులో కాస్త వంటసోడా పడిందంటే ఎరుపు కాస్తా నీలివైపు తిరుగుతుంది. శంఖుపుష్పం నీటిలో నిమ్మరసం పిండితే నీలం వంకాయ రంగుకు తిరుగుతుంది. పిల్లలకు ఆమ్ల క్షారాలు చెప్పడానికి ఇంతకన్నా చవకైన ప్రయోగశాల లేదు.

అలాగే చామొమైల్ టీ పక్కన దండలకు కట్టే పసుపు చామంతి బొమ్మ వేశారు. చామొమైల్‌ను మనవారు సీమ చామంతి అంటారు, అది వేరే మొక్క. చైనాలో మన చామంతికి దగ్గరి చుట్టమైన పూలను టీగా తాగుతారన్నది నిజమే గాని, వారు తాగడానికే పెంచిన పూలను వాడతారు. పూలకొట్టు నుంచి తెచ్చిన చామంతులూ గులాబీలూ దేవుడికి సరే, వాటి మీద చల్లిన పురుగుమందు తినే పంట కోసమని లెక్కపెట్టి చల్లింది కాదు. తంగేడు పువ్వు విషయంలో ఇంకో చిక్కు. బతుకమ్మలో పేర్చే ఆ పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఎండిన రేకులను వేడినీటిలో నానబెట్టుకుని తాగడం తమిళనాట బాగా అలవాటు. అదే చెట్టు బెరడు తోళ్లు పదును పెట్టడానికి వాడేంత వగరు. నేల తంగేడు అంటే వేరే మొక్క, సునాముఖి, విరేచనకారి. పేరులో తంగేడు ఉంది కదా అని ఆ ఆకును రోజూ టీ కాచుకుంటే ఏమవుతుందో వర్ణించి మీ పాఠకుల ఉదయాన్ని పాడుచేయను.

ఇంతకూ ఈ ‘అన్నీ కలిపి మరిగించు’ అలవాటు మనకు ఎక్కడ బలపడింది అని ఆలోచిస్తే 2020 గుర్తుకు వస్తుంది. ఆ ఏప్రిల్‌లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒక మిశ్రమాన్ని సూచించింది. తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు. ఆ పొడి మూడు గ్రాములను 150 మిల్లీలీటర్ల తెర్లిన నీటిలో కలుపుకుని టీలా రోజుకు ఒకటి రెండు సార్లు తాగమన్నారు. సూచన అంతవరకే. మా వీధిలో అది ఇల్లిల్లూ దాటేసరికి తులసి తగ్గింది, మిరియాలు పెరిగాయి, తిప్పతీగ వచ్చి చేరింది, పసుపు చేరింది, మూడు గ్రాములు మూడు చెంచాలయ్యాయి, రెండు సార్లు కాస్తా పొద్దస్తమానమూ అయింది. మా ఎదురింటివారు నాలుగు రోజులు అలా తాగి, కడుపులో మంటకు మజ్జిగ వెతుక్కున్నారు. నన్ను అడిగి ఉంటే చారు కాచినట్టు కాచమని చెప్పేదాన్ని. చారు పెట్టేటప్పుడు చింతపండు రసం మరిగిన తరువాతనే పొడి వేస్తాం, దించే ముందు గాని కొత్తిమీర వేయం. కొత్తిమీరను మొదట్లోనే వేసి అరగంట తెర్లించేవారిని ఏ ఇంట్లోనూ వంట చేయనివ్వరు. మిశ్రమ పానీయానికీ అదే వరుస. గట్టి బెరడూ కాండమూ ముందు పడాలి, అవి ఇగిరిన తరువాత దాల్చినచెక్కా శొంఠీ, దించబోయే ముందు నలిపిన మిరియాలూ జీలకర్రా, స్టవ్ ఆపాక ఆకు, ఆ వెంటనే మూత. ఒకే గిన్నెలో చేయవచ్చు, ఒకేసారి వేయకూడదు.

పసుపును ఇందులో వేయడం వల్ల రంగు తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే పసుపులోని కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, గిన్నె అడుగున ఒండ్రులా కూర్చుంటుంది. కొవ్వు ఉన్న పాలలో కొంత మెరుగు. మిరియాల పాత్ర మాత్రం అబద్ధం కాదు. రెండు గ్రాముల కర్కుమిన్‌తో మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే మనిషి రక్తంలోకి చేరే పాళ్లు 2000 శాతం పెరిగాయని 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించారు. పాలలో పసుపూ మిరియాల పొడీ వేసి ఇచ్చిన అమ్మమ్మలకు ఈ అంకెతో పని పడలేదు. తెల్లమద్ది బెరడుకు కూడా సంప్రదాయంలో పాల పద్ధతే ప్రసిద్ధం. ఒక వంతు బెరడుకు ఎనిమిది వంతుల పాలు, ముప్ఫై రెండు వంతుల నీరు పోసి, పాలు మాత్రమే మిగిలేదాకా కాచే క్షీరపాకం అది. నలభై వంతుల ద్రవం ఎనిమిదికి దిగేసరికి ఎంతసేపు పడుతుందో పొయ్యి దగ్గర నిలబడి చూసినవారికి తెలుసు, పది నిమిషాలైతే కాదు.

మీ పేజీలో అతిమధురం కూడా ఉంది, ‘అందరికీ మంచిది’ అన్న మాటతో. అందులోని గ్లైసిరైజిన్ ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. వేరును గట్టిగా కాచినకొద్దీ తీపితో పాటు అదీ ఎక్కువగా దిగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవారు మీ పాఠకుల్లో ఎంతమంది ఉంటారో మీకే తెలియాలి. దాల్చినచెక్కలో మన పచారీ కొట్లలో తరచుగా దొరికే మందపాటి, ఒకే చుట్టగా ఉండే రకం కాసియా, పల్చని పొరలు చుట్టలో చుట్టగా ఉండేది సిలోన్ దాల్చిన. కాసియాలో, ఎక్కువైతే కాలేయానికి హాని చేసే కౌమరిన్ చాలా ఎక్కువ. రోజుకు శరీర బరువు కిలోకు 0.1 మిల్లీగ్రామును మించకూడదని యూరప్‌లో హద్దు పెట్టుకున్నారు. అప్పుడప్పుడూ బిర్యానీలో వేసే ముక్కతో భయం లేదు, నెలల తరబడి రోజూ కాచుకు తాగేవారు మాత్రం ఏ రకమో చూసుకోవాలి. వగరుగా ఉండే బెరళ్ల కషాయాలు, కరక్కాయ వంటివి ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి కనుక రక్తహీనతకు మాత్రలు వాడేవారు రెండింటికీ మధ్య గంటా రెండు గంటల ఎడమ ఉంచుకోవాలి.

తిప్పతీగ గురించి మరింత జాగ్రత్తగా రాయవలసింది. అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబై వైద్యులు 2021లో నివేదిక ప్రచురించారు. దానితో ఆయుష్ శాఖ విభేదించింది. అసలైన తిప్పతీగ సురక్షితమేననీ, దానిలాగే కనిపించే టైనోస్పోరా క్రిస్పా అన్న మరో తీగతో పొరపాటు పడవద్దనీ 2022 ఫిబ్రవరిలో సూచన ఇచ్చింది. ఆ రెండో తీగ కాండం మీద బొడిపెలు దట్టంగా ఉంటాయి. మన తిప్పతీగ కాండాన్ని అడ్డంగా కోస్తే ఎడ్లబండి చక్రపు చువ్వల్లా తీరిన గీతలు కనిపిస్తాయి, పైన కాగితంలాంటి పల్చని పొర ఊడి వస్తుంది. వైద్యుల మధ్యా శాఖల మధ్యా వాదం ఉన్నప్పుడు మీ పత్రిక ఏదో ఒక పక్షం తీసుకోవాలని నేను కోరను. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా దీన్ని రోజూ తాగవద్దన్న ఒక్క వాక్యం చాలు. దానికి పత్రికలో అర అంగుళం చోటు పడుతుంది.

పేరు విషయం కూడా సవరించుకుంటే మంచిది. తేయాకు మొక్క కామెల్లియా సైనెన్సిస్ నుంచి రానిదాన్ని లేబుల్ మీద ‘టీ’ అనరాదని దేశంలో ఆహార భద్రతా ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 డిసెంబరులో స్పష్టం చేసింది. అది అమ్మేవారికి వర్తించే నియమం, పత్రికకు కాదు. అయినా మనకు పేరు కరువేమీ కాదు. కషాయం, హిమం, షర్బతు, శొంఠి కాఫీ అన్న మాటలు ఎలా చేయాలో కూడా తమలోనే చెబుతాయి. కషాయమన్నారంటే ఇగరాలి, హిమమన్నారంటే పొయ్యి అక్కరలేదు. అన్నింటినీ కలిపి ‘హెర్బల్ టీ’ అనేయడంతో ఆ సమాచారం పోయింది, మీ పేజీలో పదింటికీ ఒకే వాక్యం రావడానికి కారణం అదేనేమోనని నా అనుమానం. మొక్కను వేరు నుంచి కాయ దాకా మొత్తంగా వాడే సందర్భానికైతే వైద్యంలో పంచాంగమన్న మాటే ఉంది, నేలవేము కషాయంలో వేసేది పంచాంగమే. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు తిథి వార నక్షత్రాలను కూడా ఉడకబెడతారా అని అడిగేవారు.

రాబోయే ఆదివారాల్లో ఈ శీర్షిక కొనసాగుతుందని మీరు ప్రకటించారు కనుక ఒక విన్నపం. ప్రతి మొక్క కిందా ఏ భాగం వాడాలో, పచ్చిదా ఎండుదా, ఎన్ని గ్రాములకు ఎంత నీరు, నానబెట్టాలా కాయాలా, మూత ఉండాలా వద్దా, ఎవరు తాగకూడదు అన్నవి రాయించండి. వీలైతే రాసేవారు ఒకసారి తామే చేసి తాగి చూసి రాయాలి. ఈ వారం ప్రచురించిన వాటిలో కనీసం సుగంధిపాలకూ తెల్లమద్దికీ సవరణ వేయండి. మొదటిదాన్ని మరిగించి పాడుచేసుకున్నవారికి వేరు ఖరీదు మాత్రమే నష్టం, రెండోది గుండెకు మంచిదని నమ్మి, డాక్టరు ఇచ్చిన మాత్రలు పక్కన పెట్టి ఆ రంగునీళ్లు తాగేవారికి నష్టం అంతటితో పోదు. మందార బొమ్మ తీసేసి ఎర్ర గోంగూర కాయల బొమ్మ వేయదలచుకుంటే, మా పెరట్లో విత్తనానికని వదిలేసిన నాలుగు మొక్కలు ఇప్పుడు నిండా కాయలతో ఉన్నాయి, మీ ఫొటోగ్రాఫరు ఎప్పుడు వచ్చినా అభ్యంతరం లేదు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
కర్నూలు.